చీరాల నుంచి కాకినాడ దాకా: 216 మీద ఆరు రోజులు

బయల్దేరే ముందు

మా ఇంట్లో సముద్రం అంటే ఇన్నాళ్లూ విశాఖపట్నమే. రైలెక్కడం, రెండు రోజులు బీచ్ రోడ్డులో తిరగడం, వచ్చేయడం. ఈసారి నాన్న నోరు తెరిచి అడిగారు. "ఒక్కసారి పెనుమూడి రేవు చూసి రావాలనుందమ్మా."

నాన్నది రేపల్లె దగ్గర పల్లెటూరు. 1970లలో బందరు (మచిలీపట్నం) నోబుల్ కాలేజీలో చదువుకున్నారు. పెనుమూడిలో పడవెక్కి కృష్ణ దాటి, పులిగడ్డలో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని వెళ్లేవారట. తర్వాత హైదరాబాదులో ఉద్యోగం, పెళ్లి, మేము. అక్కడ వంతెన కట్టారని విన్నారే గానీ దాని మీద ఒక్కసారి కూడా వెళ్లలేదు.

మ్యాప్ ముందేసుకుని కూర్చుంటే జాతీయ రహదారి 216 కనిపించింది. ఒంగోలు దగ్గర మొదలై చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం, అమలాపురం, యానాం, కాకినాడ మీదుగా కత్తిపూడి దాకా దాదాపు 390 కిలోమీటర్లు. చెన్నై నుంచి కలకత్తా వెళ్లే పెద్ద హైవే విజయవాడ, రాజమండ్రి మీదుగా లోలోపలే వెళ్లిపోతుంది. ఇది మాత్రం తీరాన్ని వదలదు. నాన్న ఆ గీత మీద వేలు పెట్టి చూసి, "కృష్ణ, గోదావరి పాయలు సముద్రంలో కలిసే ముందు మనిషి చివరిసారి దాటేది ఈ రోడ్డు మీదేనే" అన్నారు. ఆ మాట మా ఆరో తరగతి అమ్మాయికి పట్టేసింది. ఒక నోట్‌బుక్ తీసి కృష్ణ, ఉప్పుటేరు, వశిష్ఠ, వైనతేయ, వృద్ధ గౌతమి, గౌతమి అని వరుసగా రాసుకుంది. తన కళ్లతో చూస్తేనే ఆ పేరు ఎదురుగా టైము రాయాలని నియమం కూడా తనే పెట్టుకుంది.

మా ప్లాను ఆ నోట్‌బుక్ చుట్టూనే తయారైంది. ఎవరికైనా పనికొస్తుందని కొన్ని విషయాలు చెప్తాను. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. ఏప్రిల్ దాటితే ఉక్కపోతకి కారు దిగలేం. సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి కారు తీయడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అందుకే జనవరి నెలాఖరు అనుకున్నాం. పొద్దున చల్లగా, పది దాటితే హాయైన ఎండ. రెండోది, ఏ వైపు నుంచి వెళ్లాలన్నది. మేము చీరాల నుంచి కాకినాడ వైపు, అంటే ఈశాన్యానికి వెళ్లాం. మధ్యాహ్నం దాటాక ఎండ వీపు వెనక పడుతుంది. అటు నుంచి ఇటు వస్తే సాయంత్రమంతా సూర్యుడు డ్రైవరు కళ్లల్లోనే ఉంటాడు. ఈ సలహా కూడా నాన్నదే.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ రోడ్డు మీంచి సముద్రం కనిపించదు. ప్రతి బీచికీ పక్కకు తిరిగి ఐదు, పది, ఒక్కోచోట పాతిక కిలోమీటర్లు వెళ్లి రావాలి. అందుకే ఈ రోడ్డు మీద రోజుకి 150 కిలోమీటర్లకు మించకూడదని ముందే గట్టిగా అనుకున్నాం. ఫోనులో మ్యాప్ పెట్టి "కాకినాడ" అని కొడితే విజయవాడ హైవేకే లాక్కెళ్తుంది. మధ్యలో రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం అని ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోవాలి.

మొదటి రోజు: హైదరాబాదు – చీరాల

పొద్దున ఐదున్నరకి బయల్దేరాం. నార్కెట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి అద్దంకి రోడ్డు పట్టుకున్నాం. వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. "ఇది లెక్కలోకి రాదు బంగారం, సముద్రం ఇంకా చాలా దూరం" అన్నారు నాన్న. మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, రెండు గంటలకల్లా చీరాలలో భోజనానికి కూర్చున్నాం.

సాయంత్రం మోటుపల్లి వెళ్లాం. చీరాల నుంచి ఒంగోలు వైపు కొంత వెనక్కి రావాలి. ఇవాళ చూస్తే చిన్న ఊరు. కాకతీయుల కాలంలో తెలుగు దేశానికి ఇది పెద్ద ఓడరేవు. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవారట. ఇక మీద అలా జరగదు, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల దగ్గర న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని ఆ శాసనం మాట ఇస్తుంది. రాతి మీద అక్షరాలు నాకు చదవడం రాలేదు. అయినా, సర్వం పోగొట్టుకుని ఒడ్డుకు చేరిన మనిషి గురించి ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక రాజు ఆలోచించాడు కదా అని ఆ స్తంభం దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

చీకటి పడుతుండగా చీరాల దగ్గరి వాడరేవు బీచికి చేరాం. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊళ్ల వెనక దిగుతాడు. సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం కోసం పరిగెత్తే పనిలేదు. సాయంత్రాలు వలలు బాగుచేసుకునే వాళ్లతో కబుర్లకి, తెల్లవారుజాములు సముద్రానికి అని ఆ రోజే లెక్క కుదిరింది.

రెండో రోజు: సూర్యలంక, పెనుమూడి, హంసలదీవి

ఐదున్నరకే గది ఖాళీ చేసి బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లాం. ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఆరున్నర దాటాక సూర్యుడు ఎర్రగా పైకి వచ్చాడు. అలలు నెమ్మదిగా ఉన్నాయి, ఇసుక గట్టిగా, శుభ్రంగా ఉంది. మా అమ్మాయి తాతయ్య చెయ్యి పట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడింది. ఈ యాత్రలో స్నానానికి దిగిన బీచ్ ఇదొక్కటే. కృష్ణ, గోదావరి నోళ్ల దగ్గర మాత్రం నీళ్లలోకి దిగకండి. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, అడుగున లాగేస్తుంది.

బాపట్ల నుంచి రేపల్లె దాకా దారి పొడుగునా ఇసుక నేలలు, సరుగుడు తోటలు. ఆ తర్వాత నేల రంగు మారి నల్లరేగడి వస్తుంది. వరి కోసేసిన మళ్లల్లో మినుము పచ్చగా ఉంది. రేపల్లె దాటాక నాన్న మాటలు తగ్గిపోయాయి. పెనుమూడిలో కారు ఆపమన్నారు. వంతెన ఎక్కకుండా ముందు రేవులోకి దిగాం.

"ఇక్కడే నిలబడేవాళ్లం. పడవ అవతలి ఒడ్డున ఉంటే కేకేసి పిలిచేవాళ్లం. గాలి ఎదురైతే గంట పట్టేది." చెప్తూ చెప్తూ ఆగిపోయారు. 1977 నవంబరు 19న అవతలి ఒడ్డున ఉన్న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆయనకి ఇరవై ఏళ్లు. వేలాది మంది ఒక్క రాత్రిలో పోయారు. కొన్ని రోజుల తర్వాత కాలేజీ కుర్రాళ్లతో కలిసి బియ్యం బస్తాలు మోసుకుంటూ ఆయన ఇటు దాటారు. ఏం చూశారో నేను చిన్నప్పటి నుంచీ చాలాసార్లు అడిగాను, ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు రేవులో ఒక్క మాటే అన్నారు. "గొడ్లు ఏవో, మనుషులు ఎవరో తెలిసేది కాదమ్మా." నేను ఇంకేమీ అడగలేదు.

వంతెన మీద మావారు కారుని చాలా నెమ్మదిగా నడిపారు. గంట పట్టే నది నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. "కృష్ణ, 10.40" అని అమ్మాయి నోట్‌బుక్‌లో పడింది.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకుని, అవనిగడ్డలో భోంచేసి, కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లాం. వేణుగోపాలస్వామి గుడి దాటి ఇంకా ముందుకు, పాలకాయతిప్ప బీచికి వెళ్లే దారి మడ చెట్ల మధ్య నుంచి, ఉప్పు పర్రల మీదుగా సాగుతుంది. సాయంత్రమైతే లోపలికి పంపరు, మధ్యాహ్నమే వెళ్లి రావాలి. మనుషులు తక్కువ, గాలి ఎక్కువ. కృష్ణ సముద్రంలో కలిసే చోట రెండు నీళ్ల రంగులు విడివిడిగా కనిపిస్తాయి. దాని గురించి ఎంత రాసినా తక్కువే.

రాత్రికి బందరు. ముందే మాట్లాడుకున్న లాడ్జిలో కింది అంతస్తు గది వేరేవాళ్లకి ఇచ్చేశారు. నాన్న మోకాళ్లతో మూడో అంతస్తు ఎక్కలేరు, ఇంకో చోటు వెతికేసరికి తొమ్మిదయింది. అప్పటిదాకా టెన్షనే. పెద్దవాళ్లతో వెళ్తుంటే కింది గది మాట బయల్దేరే రోజు పొద్దున మళ్లీ ఫోను చేసి ఖాయం చేసుకోండి.

మూడో రోజు: బందరు, పెడన, నరసాపురం

పొద్దున మంగినపూడి. అక్కడ ఇసుక కాదు, నల్లటి బంకమట్టి నేల. నీళ్లు లోతు లేకుండా చాలా దూరం వెళ్తాయి. సూర్యలంక చూసిన కళ్లకి అంత అందంగా అనిపించలేదు, గంటలో వచ్చేశాం.

నాన్న కాలేజీ గేటు దగ్గర ఫొటో తీసుకుని బందరు లడ్డు చేసే చోటికి వెళ్లాం. శనగపిండితో జంతికల్లా వేసి నేతిలో వేయించి, వాటిని రోట్లో దంచి, పాకం కలిపి మళ్లీ దంచుతారు. అలా తొక్కి తొక్కి చేస్తారు కాబట్టి తొక్కుడు లడ్డు అన్నారు. నోట్లో వేస్తే పలుకు తగలదు. ఇక్కడ తిన్నాక వేరే ఊళ్లో ఆ పేరుతో అమ్మేదాన్ని కొనబుద్ధి కాదు. భౌగోళిక గుర్తింపు కూడా దీనికి వచ్చింది.

పెడన బందరుకి దగ్గరే. నేను ఈ యాత్రలో ఎక్కువగా ఎదురుచూసిన ఊరు ఇదే. కలంకారీ అద్దకం చేసే ఒక ఇంట్లో రెండు గంటలు కూర్చోనిచ్చారు. ముందు బట్టని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు నలుపు రంగుకి. పటిక కలిపింది ఎరుపుకి. అద్దినప్పుడు పటిక అచ్చు సరిగ్గా కనిపించనే కనిపించదు. రంగు బానలో ఉడికించాక మాత్రమే పువ్వు ఎర్రగా బయటపడుతుంది. పారే నీళ్లలో ఉతకాలి, నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన రంగు మళ్లీ బట్టకే పట్టుకుంటుంది. అందుకే ఈ పని కాలవల పక్కన పుట్టింది. టేకు చెక్క అచ్చు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. గీతకి గీత కలుస్తుంది. ఆ ఇంటి పెద్దాయన మా అమ్మాయికి ఒక చిన్న అచ్చు ఇచ్చి చేతిరుమాలు మీద అద్దించారు. మొదటిది వంకర పోయింది. "పర్లేదు తల్లీ, నాకు నేర్చుకోడానికి మూడేళ్లు పట్టింది" అన్నారు. తెర మీద ముద్రించి అద్దకం అని అమ్మేవి బజారులో చాలా ఉన్నాయి. చేత్తో అద్దిన బట్ట వెనక వైపు చూడండి, రంగు లోపలిదాకా దిగి ఉంటుంది. అచ్చు కలిసిన చోట చిన్న తేడా కూడా కనిపిస్తుంది. ఆరు గజాల చీర వెనక ఎన్ని రోజుల ఎండ ఉందో చూశాక బేరమాడడానికి నాకు మనసు రాలేదు.

మధ్యాహ్నం కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మధ్య టైరు పంక్చరైంది. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, వాటిలో గాలి కోసం తిరిగే చక్రాల చప్పుడు. కాపలా ఉన్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి జాకీ వేసి స్టెప్నీ మార్చి, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ తర్వాత ఉప్పుటేరు. కొల్లేరు నీళ్లని సముద్రానికి చేర్చేది అదే. "3.15".

నరసాపురంలో లేసు అల్లే వాళ్లని చూడాలనుకున్నాం, చీకటి పడిపోయింది. దుకాణంలో బల్ల గుడ్డ మాత్రం కొన్నాం.

నాలుగో రోజు: పంటు మీద వశిష్ఠ

216 మీద చించినాడ వంతెన ఉంది, కారులో దర్జాగా దాటొచ్చు. మేము పట్టుబట్టి నరసాపురం రేవుకి వెళ్లాం, అక్కడ పంటు ఉంటుంది కాబట్టి. పంటు అంటే కార్లు, బైకులు, గంపలు, మేకలు, మనుషులు అందరూ కలిసి ఎక్కే వెడల్పాటి బల్లకట్టు. వరదొచ్చినా, గాలి ఎక్కువైనా ఆపేస్తారు. ముందు రోజు సాయంత్రమే రేవులో కనుక్కోవడం మంచిది.

కారు ఎక్కించేటప్పుడు మావారి చేతులు చెమట పట్టాయి. ఎక్కించాక ఇంజను ఆపి అందరం దిగి నిలబడ్డాం. మంచు ఇంకా విడలేదు. అవతలి ఒడ్డు కనిపించడం లేదు, కొబ్బరి తలలు మాత్రం తేలుతున్నట్టున్నాయి. నాన్న జేబులోంచి రూపాయి బిళ్ల తీసి మనవరాలి చేతిలో పెట్టారు. తను కళ్లు మూసుకుని నీళ్లలోకి వదిలింది. నాలుగు రోజుల్లో నాన్న ముఖం అంత తేలిగ్గా కనిపించింది అప్పుడే. వంతెన మీద నది మన కింద ఉంటుంది, పంటు మీద మన పక్కనే ఉంటుంది. ఒక్కటే చేయగలిగితే ఈ యాత్రలో ఇది చేయండి.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి సమయంలో ఇక్కడ కళ్యాణం, తీర్థం. ఆ రోజుల్లో కారుతో రాకపోవడమే మేలు, తేదీ చూసుకోవాలి. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథాన్ని చూసి నాన్న చేతులు జోడించారు. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క సముద్రం, మధ్యలో సన్నటి ఇసుక మేట.

రాజోలు నుంచి పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడ గ్యాస్ బావి పేలి 65 రోజులు మంట ఆరలేదు. నాకు అప్పుడు టీవీలో చూసిన గుర్తుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కొబ్బరి నీడే. టీ కొట్టు ఆయన, "రాత్రిళ్లు దీపం పెట్టుకునే పని లేకపోయేదండి, నిద్ర మాత్రం ఉండేది కాదు" అన్నారు. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటాం, "2.50". అటు ఇటు దాళ్వా (రెండో పంట) నాట్లు జరుగుతున్నాయి. అమలాపురంలో రాత్రి పనసపొట్టు కూర, ముద్దపప్పు. పులస అడక్కండి, అది వరద గోదావరి చేప. జనవరిలో ఎవరైనా పెడతామంటే నమ్మొద్దు.

ఐదో రోజు: యానాం, కోరింగ, ఉప్పాడ

తెల్లవారుజామున లేవడాలు పిల్లకి అలసట తెచ్చాయి. అమలాపురం దాటగానే వెనక సీట్లో నిద్రపోయింది. ముమ్మిడివరం దాటి, మురమళ్ల దాటి, ఎదుర్లంక వంతెన ఎక్కబోతుండగా లేపాం. ఈ యాత్రలో అన్నిటికంటే వెడల్పైన నీళ్లు ఇవే. లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన. "గౌతమి, 9.20."

అవతల దిగితే యానాం. బోర్డుల మీద పుదుచ్చేరి ప్రభుత్వం పేరు. ఫ్రెంచి వాళ్ల చేతుల్లో 1954 దాకా ఉంది. పెట్రోలు చవక కాబట్టి అందరిలాగే మేమూ ట్యాంకు నింపుకున్నాం. గోదారి గట్టున పావుగంట నడిచి బయల్దేరాం.

కోరింగ మడ అడవికి మాత్రం మూడు గంటలు ఇవ్వండి. ఆంధ్ర తీరంలో ఇంత పెద్ద మడ అడవి ఇంకోటి లేదు. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి వేల వేళ్లు పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పోటు వచ్చినప్పుడు అవన్నీ మునిగిపోతాయి, పాటుకి బయటపడతాయి. మేము వెళ్లింది పాటు సమయం. పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు కనిపించాయి. బావురుపిల్లి ఇక్కడ ఉంటుంది, పగలు కనిపించదు. నాన్న ఒక మడ చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, "మా వైపు కూడా ఇవి ఒత్తుగా ఉండుంటే" అన్నారు. ఉప్పెన అలని ముందుగా తన ఒంటి మీద కాచుకునేది ఈ చెట్టే. తీరంలో ఎక్కడ మడ నరికి చెరువు తవ్వినా నాకు ఇక మీద ఆ మాటే గుర్తొస్తుంది.

కాకినాడలో భోంచేసి, గొట్టం కాజా కొనుక్కుని ఉప్పాడ రోడ్డెక్కాం. ఈ ఒక్క చోట సముద్రం మన పక్కనే నడుస్తుంది, మరీ పక్కన. రాళ్ల గట్టు మీంచి అల లేచి అద్దం మీద పడింది. సముద్రం ఇక్కడ ఊరిని ఏటేటా కోసుకుపోతోంది. సగం కూలిన గోడల మధ్య ఇంకా మనుషులు ఉంటున్నారు. అదే ఊళ్లో, ఒక మగ్గం ముందు ఇద్దరు కూర్చుని జాంధానీ చీర నేస్తున్నారు. బుటా రెండు వైపులా ఒక్కలాగే వస్తుంది. సముద్రం వచ్చేస్తే ఎక్కడికెళ్తారని అడిగితే, "మా నాన్న ఇల్లు ఇప్పుడు ఆ పడవలున్న చోట ఉండేదమ్మా" అని నీళ్ల వైపు చూపించింది ఆమె.

ఆరో రోజు: ఇంటికి

కాకినాడ నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా తిరుగు ప్రయాణం. గోదావరి ఇక్కడ దాకా ఒక్కటే నది. ఇక్కడ దాటాకే గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. నాలుగో రోజూ ఐదో రోజూ మేము దాటిన నీళ్లన్నీ కలిసి మా ముందు నిలబడి ఉన్నాయి. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసింది ఇక్కడే. కారు దిగి తాతా మనవరాలు నోట్‌బుక్ తెరిచి లెక్క చూసుకున్నారు.

కృష్ణ ఉంది. ఉప్పుటేరు ఉంది. వశిష్ఠ ఎదురుగా టైము పక్కన పంటు బొమ్మ కూడా ఉంది. వైనతేయ, గౌతమి ఉన్నాయి. వృద్ధ గౌతమి ఎదురుగా ఖాళీ.

ముమ్మిడివరం దాటాక అన్నంపల్లి దగ్గర దాటాం దాన్ని. అప్పుడు తను నిద్రలో ఉంది. మేమూ లేపడం మర్చిపోయాం. "టైము నేను చెప్తాను, రాసుకో" అన్నారు మావారు. తను ఒప్పుకోలేదు. పెన్ను మూత పెట్టేసి, "తాతయ్యా, ప్రభల తీర్థం కూడా అక్కడికి దగ్గరే అన్నావుగా, ఎప్పుడు?" అంది.

"కనుమ నాడు" అన్నారు నాన్న.